కూర్చుంటే నా గుండె బంగారం

ఒకప్పుడు పెళ్ళిచూపుల్లో అమ్మాయిని నాలుగడుగులు నడిపించి చూసేవారట, నడకలో తేడా ఏమైనా ఉందేమోనని. మా అమ్మమ్మని అలాగే నడిపించారని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. పోయినేడు మియాపూర్‌లో మా ఇంటికి అబ్బాయి వాళ్ళు వచ్చినప్పుడు నన్నెవరూ నడవమనలేదు. సోఫాలో కూర్చున్నాను. కాఫీ ట్రే కూడా పిన్నే పట్టుకొచ్చింది. ఆ గంటన్నరా నా అంత ఆరోగ్యంగా ఆ హాల్లో ఇంకెవరూ లేరు.

నడిపించి ఉంటే కథ వేరు. మెట్లెక్కించి ఉంటే ఇంకా వేరు.

నాకు పల్మనరీ హైపర్‌టెన్షన్ ఉంది. ఇదీ బీపీయే, కానీ చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లో ఉండే బీపీ. మామూలు మనిషికి అక్కడ సగటున 14 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 20 దాటితే జబ్బు కింద లెక్క. చేతి బీపీ 120 అని వినీ వినీ అలవాటైన మనకి, 20 అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ గుండె కుడి గది గోడ పల్చన. తక్కువ ఒత్తిడి మీద పని చెయ్యడానికే పుట్టింది. దాని ముందు 30, 40 పెట్టడమంటే స్కూలు బ్యాగు మోసే పిల్లాడి నెత్తిన సిమెంటు బస్తా పెట్టడమే. కొన్నాళ్ళు మోస్తాడు. ఎవరికీ చెప్పడు కూడా.

నా గుండె కూడా చెప్పలేదు. చెప్పింది గానీ నేను వినలేదు.

నాలుగేళ్ళ కిందట అందరం తిరుపతి వెళ్ళాం. అలిపిరి నుంచి నడక, 3,550 మెట్లు. నాన్నకి అప్పుడు 58, పైగా మోకాళ్ళ నొప్పులు. ఆయన నాకంటే ముందు వెళ్ళిపోయారు. నేను గాలిగోపురం దాకా కూడా చేరలేదు. ప్రతి పాతిక మెట్లకీ ఆగడం, గుండె చెవుల్లో కొట్టుకోవడం. "అక్కా, నీ పెదాలు నీలంగా ఉన్నాయి" అంది చెల్లి. "చలికి" అన్నాను. అది మే నెల.

తర్వాత రెండేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగాం. ఒకరు రక్తం తక్కువుందన్నారు. నిజమే, తక్కువే ఉంది. ఐరన్ మాత్రలు మింగాను. ఒకరు ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు. ఒకాయన నా వైపు చూడకుండా అమ్మ వైపు చూసి, "ఇదంతా టెన్షనమ్మా, పెళ్ళి చేసెయ్యండి, పోతుంది" అన్నారు. మధ్యలో ఒకసారి గుండెకి ఎకో తీశారు. నార్మల్. ఎకో ఎలా తీస్తారో తెలుసుగా? పడుకోబెట్టి తీస్తారు. పడుకుంటే నాకు ఏ ఇబ్బందీ లేదు మరి.

వాళ్ళనే అని ఏం లాభం. నేను కూడా తక్కువదాన్నేం కాదు. ఆయాసం రాకుండా బతకడం ఎలాగో నేర్చుకున్నాను. లిఫ్ట్ లేని బిల్డింగ్‌లో ఫ్రెండ్ పుట్టినరోజు అంటే ఆ రోజు నాకు తలనొప్పి వచ్చేది. ఆఫీసులో టీకి కింద ఫ్లోర్‌కి వెళ్ళేవాళ్ళతో వెళ్ళేదాన్ని కాదు. తప్పనిసరై మెట్లెక్కాల్సి వస్తే ప్రతి మలుపు దగ్గరా ఆగి ఫోన్ చూసుకునేదాన్ని. ఇది మాత్రం గొప్ప ఉపాయం. ఊరికే ఆగిన మనిషిని "ఏమైంది" అని అడుగుతారు, ఫోన్ చూస్తూ ఆగిన మనిషిని ఎవరూ అడగరు. నాకు ఆ రెండేళ్ళలో వచ్చినన్ని అర్జెంటు మెసేజ్‌లు ఎవరికీ వచ్చి ఉండవు.

ఒకరోజు మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ ఆగిపోయింది. వెనక జనం తోసుకొస్తున్నారు, ఫోన్ తీసే వీలు లేదు. గబగబా ఎక్కాను. పైమెట్టు మీద కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను. నుదుటి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

ఈసారి వెళ్ళిన డాక్టరమ్మ "ఎక్కుతుండగా పడిపోయావా, ఎక్కాక పడిపోయావా?" అని అడిగారు. ఎక్కుతుండగానే అని చెప్పగానే రాస్తున్న పెన్ను కింద పెట్టేశారు. తర్వాత జరిగింది వేగంగా చెప్పేస్తాను. మళ్ళీ ఎకో, ఊపిరితిత్తుల్లో పాత గడ్డలేమైనా ఉన్నాయేమోనని స్కాన్, సీటీ, రక్త పరీక్షలు, చివరికి మెడ దగ్గరి సిర గుండా గుండె కుడి గదిలోకి సన్నని గొట్టం పంపి ఒత్తిడి కొలవడం. సగటు 34 వచ్చింది. కారణం వెతికితే ఏదీ దొరకలేదు. అలాంటప్పుడు దానికి "ఇడియోపతిక్" అని పేరు పెడతారు. ఎందుకొచ్చిందో తెలియదని గ్రీకులో చెప్పడమన్నమాట.

రెండు మాత్రలు మొదలుపెట్టారు. ఒకటి టాడలాఫిల్, వయాగ్రా జాతి మందు. ఊపిరితిత్తుల నాళాల్ని కూడా వదులు చేస్తుంది. మెడికల్ షాపు కుర్రాడు చీటీ చూసి ముసిముసిగా నవ్వుతుంటే మొదటి నెల సిగ్గుపడ్డాను, రెండో నెల కూర్చోబెట్టి క్లాసు పీకాను. రెండోది ఆంబ్రిసెంటాన్. ఇది వాడుతుండగా గర్భం రాకూడదు, బిడ్డకు లోపాలు వస్తాయి. అసలు మందుల సంగతి పక్కన పెట్టినా ఈ జబ్బులో గర్భం తల్లి ప్రాణం మీదికే తెస్తుంది, వద్దనే చెబుతారు. గర్భంలో శరీరంలోని రక్తం పెరుగుతుంది, గుండె నెలల తరబడి ఎక్కువ పని చెయ్యాలి. నా కుడి గదికి ఆ పని చేసే శక్తి ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఇవి డాక్టరమ్మ అమ్మ ముందే చెప్పారు. అమ్మ దారి పొడుగునా ఆటోలో ఏం మాట్లాడలేదు.

ఏడాది గడిచింది. మందులు బాగా పని చేశాయి. ఇస్త్రీ చేసిన బట్టలు మూడో అంతస్తుకి నేనే తెచ్చుకుంటున్నాను. ఎకో రిపోర్టులో "మైల్డ్" అన్న మాట వచ్చింది. ఆరు నిమిషాల నడక పరీక్షలో 486 మీటర్లు నడిచాను.

ఆ పరీక్ష గురించి ఒక మాట. చాలా అమాయకమైన పరీక్ష అది. ఆస్పత్రి వరండాలో 30 మీటర్ల దూరంలో రెండు కోన్లు పెడతారు. ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవాలి, పరిగెత్తకూడదు. ఎంత దూరం నడిచామో రాసుకుంటారు. ఆయాసం ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంటారు. మనం ఎంత నడిచామన్నది అది చెబుతుంది గానీ లోపల గుండె దానికోసం ఏం పాట్లు పడిందో చెప్పదు. పైగా నాలాంటివాళ్ళు దానికి కూడా ప్రిపేరవుతారు. ముందు రాత్రి బాగా నిద్రపోయి, పొద్దున తేలికగా తిని, మలుపు దగ్గర టైం పోకుండా గిర్రున తిరగడం ప్రాక్టీసు చేసి వెళ్ళాను. ఆయాసం ఐదు ఉంటే "మూడు" అన్నాను. ఇంటర్ బోర్డ్ పరీక్షలు రాసిన పిల్లలం, ఎక్కడ మార్కులు వస్తాయో మాకు తెలియదా!

ఆ "మైల్డ్" అన్న మాట పట్టుకునే అమ్మ సంబంధాలు మొదలుపెట్టింది.

అబ్బాయిది విజయవాడ, ఇక్కడే ఉద్యోగం. జాతకాలు కలిశాయి. వాళ్ళొచ్చి వెళ్ళాక, ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ అమ్మ అంది: "ఏదో చిన్న గుండె ఇబ్బంది ఉండేది, తగ్గిపోయిందని చెబుదాం బుజ్జీ. అడిగితే ఈ రిపోర్టు చూపిద్దాం. అబద్ధం కాదుగా."

అబద్ధం కాదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

ఎందుకంటే నా ఉద్యోగమే ఇది. నేను ఒక కంపెనీలో పెర్ఫార్మెన్స్ టెస్టర్‌ని. వెబ్‌సైటో యాప్‌నో ఒకేసారి వేలమంది వాడినట్టు నటించి, ఎక్కడ కూలుతుందో చూడటం నా పని. అర్ధరాత్రి రెండింటికి ఏ రైలు టికెట్ల సైటైనా బంగారంలా పనిచేస్తుంది. పొద్దున పదింటికి తత్కాల్ మొదలైనప్పుడు చూడాలి దాని అసలు రంగు. ఖాళీగా ఉన్న సర్వర్ గ్రాఫ్ చూపించి "అంతా బాగుంది" అని ఎవరైనా మెయిల్ పెడితే నేనే దాన్ని తిప్పి పంపిస్తాను. అలాంటిది నా విషయంలో మాత్రం రాత్రి రెండింటి గ్రాఫ్ చూపించి పెళ్ళి చేసుకోబోతున్నాను.

తర్వాతి చెకప్‌లో డాక్టరమ్మని ఆ మాటే అడిగాను. "మేడమ్, ఇవన్నీ పడుకుని తీసిన లెక్కలు కదా. పని చేస్తున్నప్పుడు ఎంతుందో తెలియదా?"

ఆవిడ నవ్వారు. "తెలుస్తుంది. నీకు మళ్ళీ గొట్టం వెయ్యాలి. దానితోనే సైకిల్ తొక్కాలి. తొక్కుతావా?"

ఈ పరీక్ష అన్ని చోట్లా చెయ్యరు, అందరికీ అవసరమూ లేదు. నాకెందుకు అవసరమో ఆవిడ చెప్పిన తీరు మీకూ చెబుతాను. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు అవసరానికి మించి ఉంటాయి. కూర్చున్నప్పుడు వాటిలో చాలావాటికి పెద్దగా పనుండదు. మనం మెట్లెక్కామనుకోండి, గుండె పంపే రక్తం రెండు మూడు రెట్లవుతుంది. అప్పుడు ఆ ఖాళీ నాళాలు తెరుచుకుంటాయి, ఉన్నవి సాగుతాయి. అందుకే రక్తం పెరిగినంతగా ఒత్తిడి పెరగదు. సంక్రాంతికి విజయవాడ వెళ్ళేవాళ్ళకి పంతంగి టోల్‌ప్లాజా తెలుసుగా. మామూలు రోజుల్లో సగం కౌంటర్లు మూసేసినా ఎవరికీ తెలియదు, బళ్ళు సాఫీగా పోతుంటాయి. ఆ సగం పండక్కి కూడా తెరుచుకోకపోతేనే తెలుస్తుంది. నా జబ్బులో జరిగేది అదే. నాళాల గోడలు మందమై, దారులు సన్నబడి, కొన్ని కౌంటర్లు శాశ్వతంగా మూతపడతాయి. కూర్చున్నప్పుడు తీసిన ఎకో మామూలు మంగళవారం నాటి టోల్‌ప్లాజా ఫొటో.

మరి ఎకోనే సైకిల్ తొక్కిస్తూ తియ్యొచ్చుగా అంటే, తీస్తారు. కానీ ఆయాసంతో ఛాతీ ఎగిరెగిరి పడుతుంటే, ఊపిరితిత్తుల్లో గాలి అడ్డొస్తుంటే బొమ్మ సరిగా కుదరదు. పైగా అది ఒత్తిడిని నేరుగా కొలవదు, రక్తం వెనక్కి చిమ్మే వేగాన్ని బట్టి లెక్క కడుతుంది. నేరుగా తెలియాలంటే లోపలికి వెళ్ళాల్సిందే.

లోపలికి వెళ్ళిన మొదటి మనిషి కథ ఆ రాత్రి యూట్యూబ్‌లో చూశాను, తర్వాత పుస్తకాల్లో కూడా చదివాను. వెర్నర్ ఫోర్స్‌మన్ అని పాతికేళ్ళ జర్మన్ డాక్టరు. 1929లో పైవాళ్ళు వద్దంటున్నా వినకుండా, తన చేతి సిరలోకి తనే గొట్టం దూర్చుకుని, గుండె దాకా పోనిచ్చి, దాంతోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి ఫొటో తీయించుకున్నాడు. అప్పట్లో తిట్లు తిన్నాడు. 1956లో నోబెల్ వచ్చింది. గుండెలో గొట్టంతో ఆ మనిషి నడిచాడన్న సంగతి ఎందుకో నాకు ధైర్యమిచ్చింది. నేను తొక్కాల్సింది సైకిలే కదా.

పరీక్ష రోజు క్యాథ్ ల్యాబ్‌లో చలి. అక్కడ ఎప్పుడూ చలే. మెడ దగ్గర మత్తు సూది, తర్వాత గొట్టం. దాని కొసన చిన్న బెలూన్ ఉంటుంది. ఉబ్బించి వదిలితే రక్త ప్రవాహంతో పాటు అదే కొట్టుకుపోయి, కుడి గదులు దాటి ఊపిరితిత్తుల ధమనిలోకి చేరుతుంది. నాకు నొప్పి కంటే, లోపల ఏదో ప్రయాణం చేస్తోందన్న ఊహే ఎక్కువ ఇబ్బంది. గొట్టం కుడి గది దాటేటప్పుడు గుండె రెండు మూడు సార్లు గతి తప్పి దబదబమంది. "అంతే, అంతే, దాటేసింది" అన్నారు డాక్టరమ్మ. మణికట్టు దగ్గర ఇంకో సన్నని గొట్టం. మొహానికి బిగుతుగా మాస్కు, నేను నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుతున్నానో కొలవడానికి. బల్ల కొసన పెడల్స్. వెల్లకిలా పడుకుని కాళ్ళు వాటిమీద పెట్టి కట్టేశారు. తిరగేసిన బొద్దింకలా ఉన్నానని నాకే నవ్వొచ్చింది. మాస్కులో నవ్వకూడదట, లెక్క తప్పుతుందట.

ముందు విశ్రాంతిలో కొలిచారు. ఒత్తిడి 24. గుండె నిమిషానికి పంపే రక్తం 5 లీటర్లు. నాడి 78. టెక్నీషియన్ అన్న "బాగుంది మేడమ్" అన్నాడు.

మధ్యలో ఈ 5 లీటర్లు ఎలా తెలుస్తాయో చెప్పకుండా ఉండలేను, నాకు తెగ నచ్చింది. 1870లో అడాల్ఫ్ ఫిక్ అనే ఆయన చెప్పిన లెక్క. ఒక బస్టాండులో గంటకి 600 మంది ఎక్కారు. వచ్చే బస్సులోకంటే వెళ్ళే బస్సులో 20 మంది ఎక్కువున్నారు. అయితే గంటకి ఎన్ని బస్సులు వెళ్ళాయి? 30. బస్సుల్ని లెక్కపెట్టాల్సిన పనే లేదు. ఊపిరితిత్తులు బస్టాండు, ఆక్సిజన్ జనం, రక్తం బస్సు. మాస్కు చెప్పేది ఎంతమంది ఎక్కారని. మెడ గొట్టంలోంచి తీసిన రక్తం వచ్చే బస్సు, మణికట్టులోంచి తీసింది వెళ్ళే బస్సు. భాగించడమే.

తర్వాత తొక్కమన్నారు. మొదట బరువు లేకుండా, తర్వాత 25 వాట్లు. ఇంట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బు రెండున్నర వెలిగించేంత శక్తి. సులువుగానే ఉంది. మూడు నిమిషాలయ్యాక రెండు చోట్లా రక్తం తీశారు. 50 వాట్లకి పెంచారు. ఒక నిమిషం బాగుంది. రెండో నిమిషంలో అలిపిరి వచ్చేసింది. అదే దబదబ, చెవుల్లో అదే చప్పుడు. ఎవరో "ఆయాసం ఎంత?" అని అంకెలున్న అట్ట చూపించారు. మాస్కుతో మాట్లాడలేం, వేలితో చూపించాలి. అలవాటుగా వేలు మూడు వైపు వెళ్ళింది. డాక్టరమ్మ తెర వైపే చూస్తూ, "నాకిక్కడ కనిపిస్తోందమ్మా" అన్నారు.

ఏడు మీద పెట్టాను.

ఆ మాటకి ఏడుపొచ్చింది. మాస్కులో ఏడవకూడదని ఎవరూ చెప్పలేదు కానీ, దానికీ లెక్క తప్పుతుందనుకుంటా. నాలుగేళ్ళుగా ఎవరికీ కనిపించకుండా దాచింది ఒకరికి గీతల్లో కనిపిస్తోంది. నేను చెప్పక్కర్లేదు, నిరూపించక్కర్లేదు, ఫోన్ తీసి చూస్తున్నట్టు నటించక్కర్లేదు.

50 వాట్ల దగ్గర మూడో నిమిషంలో చివరి కొలతలు. 75 పెడితే నలభై సెకన్లు తొక్కి ఆపేశాను.

సాయంత్రం డాక్టరమ్మ కాగితం నా ముందు పెట్టారు. ఒత్తిడి 24 నుంచి 46కి వెళ్ళింది. రక్తం 5 లీటర్ల నుంచి 8.5కి. ఒకప్పుడు వ్యాయామంలో 30 దాటితే జబ్బు అనేవారట. కానీ పెద్ద వయసులో ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా దాటుతోందని 2008లో ఆ లెక్క తీసేశారు. 2022లో యూరప్ డాక్టర్ల మార్గదర్శకాలు దాన్ని ఇంకో రూపంలో వెనక్కి తెచ్చాయి. ఒత్తిడి ఎంత పెరిగిందని కాదు, అదనంగా పంపిన ఒక్కో లీటరు రక్తానికి ఎంత పెరిగిందో చూడాలి. 3 దాటకూడదు. నేనే ఫోన్ తీసి లెక్క కట్టాను. 22ని 3.5తో భాగిస్తే 6.3.

"గుండె ఎడమ వైపు బాగానే ఉంది, అటువైపు ఒత్తిడి పెద్దగా పెరగలేదు. ఇబ్బంది నాళాల్లోనే" అన్నారు ఆవిడ. తర్వాత పెన్నుతో ఇంకో చోట గుండ్రంగా చుట్టారు. "నన్నడిగితే ఇది చూడు."

విశ్రాంతిలో నా గుండె ఒక్కో దెబ్బకి 64 మిల్లీలీటర్ల రక్తం పంపింది. 50 వాట్ల దగ్గర నాడి 134. అప్పుడు ఒక్కో దెబ్బకి పంపింది 63.

మామూలు గుండె పని పడితే రెండు పనులు చేస్తుంది. వేగంగా కొట్టుకుంటుంది, ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం కూడా పంపుతుంది. నాది మొదటిదే చేస్తోంది. ఎదురుగా దారి బిగుసుకుపోయి ఉంటే ఒక్క చుక్క కూడా అదనంగా తొయ్యలేక, కొట్టుకునే వేగం మీదే బండి లాగిస్తోంది. అదీ చాలక, తిరిగొచ్చే రక్తంలో మిగిలిన ఆక్సిజన్ 71 శాతం నుంచి 32కి పడిపోయింది. అంటే కండరాలు దొరికినదాంట్లోంచే ఊడ్చుకుని తీసుకుంటున్నాయి. జీతం పెరగని ఇంట్లో ఖర్చు పెరిగితే అమ్మ పోపుడబ్బాలు వెతికినట్టు.

మీ చేతికి స్మార్ట్‌వాచ్ ఉండే ఉంటుంది. నాకూ ఉంది. ఆ రోజు తీసేయమన్నారు కానీ, ఉంచుకున్నా 134 అని మాత్రమే చెప్పేది. 63 సంగతి దానికి తెలియదు.

మూడో మందు కలిపారు. మరో మాట కూడా చెప్పారు, అది నేను ఊహించలేదు. వ్యాయామం చెయ్యమన్నారు. ఒకప్పుడు ఈ జబ్బువాళ్ళని అసలు కదలొద్దనేవారు. 2006లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు, మందులు సరిగా వాడుతున్నవాళ్ళకి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా వ్యాయామం చేయిస్తే నడక దూరం బాగా పెరుగుతుందని చూపించాక ఆ అభిప్రాయం మారింది. మనంతట మనం జిమ్‌కెళ్ళి ట్రెడ్‌మిల్ ఎక్కడం కాదు. నాకు ముందు ఆస్పత్రిలో ఫిజియో దగ్గర, తర్వాత ఇంట్లో, నాడి ఎంత దాటకూడదో రాసిచ్చి చేయించారు.

ఇంటికొచ్చాక ఆ కాగితం అమ్మకి ఇచ్చాను. 64, 63 అంకెలు చూపించి చెప్పాను. అమ్మ పదో తరగతి దాకే చదివింది కానీ లెక్కల్లో గట్టిది. చాలాసేపు చూసి, "పడుకున్నప్పటిది విడిగా కాగితం ఇవ్వరా?" అంది. అమ్మ మీద ఒక్క క్షణం కూడా కోపం రాలేదు. నేను నాలుగేళ్ళు చేసిందే ఆవిడ ఒక సాయంత్రం చెయ్యబోయింది.

ఆ శనివారం అబ్బాయిని కొండాపూర్‌లో ఒక కాఫీ షాపులో కలిశాను. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నది వెతికి పెట్టుకున్నాను. కాగితం టేబుల్ మీద పెట్టి మొత్తం చెప్పాను. పిల్లల సంగతి కూడా. ఆయన శ్రద్ధగా విన్నారు. "ఇది తగ్గుతుందా?" అన్నారు. "పూర్తిగా తగ్గదు. మందులతో బాగా నెట్టుకురావొచ్చు. ఎన్నాళ్ళన్నది ఎవరూ చెప్పలేరు" అన్నాను. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా" అన్నారు. అది మెచ్చుకోలో ఆశ్చర్యమో నాకు తేలలేదు.

నాలుగు రోజుల తర్వాత వాళ్ళ పెదనాన్న ఫోన్ చేసి, జాతకాలు కలవలేదన్నారు. మొదట కలిసిన జాతకాలే.

అదే రోజు సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "సారీ అండీ. ఇంట్లో ఒప్పించలేకపోయాను. గట్టిగా ప్రయత్నించానని కూడా చెప్పలేను." నేను అప్పుడు ఇంటి మెట్ల మీద రెండో మలుపులో ఆగి ఉన్నాను. కింద ఫ్లోర్ ఆంటీ పక్కనుంచి వెళ్తూ ఏమీ అడగలేదు. ఆ ఒక్కసారి నేను నిజంగానే ఫోన్ చూస్తున్నాను.

బాధ లేదని చెప్పను. రెండు వారాలు సరిగా తినలేదు. ఆయన మీద కంటే ఆ 63 మీద కోపం. పరీక్ష చేయించుకోకుండా ఉంటే ఈపాటికి శుభలేఖలు అచ్చయ్యేవి కదా అని కూడా అనుకున్నాను, ఒకటి రెండు రాత్రులు. తర్వాత ఆరో నెల, ఏడో నెల గర్భంతో ఏదో ఊళ్ళో ఏదో మెట్ల మీద పడిపోయి ఉన్న నన్ను ఊహించుకునేదాన్ని. నిద్ర పట్టేది కాదు.

నెల తర్వాత ఒక ఆదివారం ఆఫీసు పనిలో ఉంటే అమ్మ సెల్లార్‌లోంచి ఫోన్ చేసి కిందకి రమ్మంది. వెళ్ళి చూస్తే జాకెట్లు కుట్టే టేపు పట్టుకుని వంగి నేల కొలుస్తోంది. మీటరున్నర టేపు. ఇరవై సార్లు వేసి, రెండు వైపులా ముగ్గుపిండితో గీతలు గీసింది. వాచ్‌మన్ తాతని బతిమాలి మధ్యలో ఉన్న స్కూటర్లు పక్కకి పెట్టించింది.

"ముప్ఫై మీటర్లు సరిపోయిందా?" అంది.

వారానికోసారి నడుస్తున్నాను. టైం, రౌండ్లు అమ్మే చూస్తుంది. నిత్యం పూజ చేసుకునే పుస్తకం వెనక పేజీలో రాసుకుంటుంది. ఆయాసం ఎంత అని అడిగితే నేను నిజమే చెబుతున్నాను, చెప్పకపోయినా మొహం చూసి ఆవిడే వేసేస్తోంది. పోయిన వారం 510 మీటర్లు, ఆయాసం నాలుగు. సంక్రాంతి దాటాక మళ్ళీ గొట్టం, మళ్ళీ సైకిలు. 63 పెరిగిందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఈ అంకె కోసం మాత్రం ప్రాక్టీసు చేసి మోసం చెయ్యడం కుదరదు.

మొన్న నాలుగో నిమిషంలో పైఫ్లోర్ కొత్త కోడలు కారు దిగి, "ఏంటాంటీ, అమ్మాయికి ఏమైనా పోటీలా?" అని అడిగింది. అలవాటుగా నా చెయ్యి ఫోన్ కోసం జేబులోకి వెళ్ళింది.

"గుండె జబ్బమ్మా దానికి. కొలుస్తున్నాం" అంది అమ్మ, గడియారం మీంచి చూపు తిప్పకుండా. మళ్ళీ నా వైపు తిరిగి, "ఆగావేంటే? ఇంకా నిమిషం నలభై సెకన్లుంది. నడువు."